పై వరుస, కింది వరుస: పాల లెక్కలో తేడా కట్టే పద్ధతి

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు పూర్వం మాకు పాస్‌బుక్కు చూపేవారు. ఇప్పుడు కంప్యూటరు షీటు చూపుతున్నారు. అందులో లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., రేటు, రూపాయలు అనే గడులు అందరికీ తెలిసినవే. కొన్ని సంఘాల షీటులో చివర ఇంకొక గడి చేరింది. దాని పేరు ‘తేడా’. అందులో ప్లస్సు, మైనస్సు గుర్తులతో అంకెలుంటాయి. ఈ అంకె దేనిలోనుంచి దేనిని తీసివేయగా వచ్చిందని అడిగితే చాలాచోట్ల కార్యదర్శి ఇచ్చే జవాబు ‘కంప్యూటరు వేసిందండీ’ అని.

ఆ జవాబు చాలదు. ఆ గడిని చూసే కొందరి పాలు ఆపుతున్నారు. ఆ గడిలో ప్లస్సు ఉన్నదన్న ధీమాతో జబ్బుపడిన గేదెకు డాక్టరును పిలవకుండా ఊరుకుంటున్నారు. కనుక ఈ నెల పాఠానికి ఆ ఒక్క గడినే తీసుకున్నాము. కంప్యూటరు ముందు కూర్చునే వారికి కావలసిన మాటలు కొన్ని మధ్యలో వస్తాయి. తక్కిన సభ్యులు వాటిని చూసి బెదరవద్దు. లెక్క అంతా మూడవ తరగతి తీసివేతే.

తెలిసిన దానితో మొదలుపెడదాము

సంఘంలో బల్క్ కూలరు ఉన్నది, దానికి కరెంటు మీటరు ఉన్నది. మీటరు తిరగడం మొదలైన నాటినుంచి ఎన్ని యూనిట్లు కాలాయో అది చూపుతుంది గాని, ఈ నెల ఎన్ని కాలాయో చూపదు. నెల లెక్క కావాలంటే ఈ నెల రీడింగులోనుంచి పోయిన నెల రీడింగు తీసివేయాలి. పోయిన నెల 48,210, ఈ నెల 49,030 అయితే కాలినవి 820 యూనిట్లు. తెలంగాణ దక్షిణ జిల్లాల సంఘాలకు కరెంటు ఇచ్చే పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో లక్డీకాపూల్ దగ్గర మింట్ కాంపౌండులో ఉన్నది. నిజాం కాలంలో రూపాయలు పోసిన టంకశాల ఆవరణ అది. టంకశాల చర్లపల్లికి తరలిపోయినా పేరు మాత్రం నిలిచింది. ఆ కార్యాలయం కింద లక్షల ఇళ్ళకు వెళ్ళే ప్రతి బిల్లూ ఈ ఒక్క తీసివేత మీదనే నడుస్తుంది. ఒక వరుసలోని అంకెలోనుంచి దాని ముందు వరుసలోని అంకెను తీసివేయడం.

ఇక్కడ ఎవరూ తప్పు చేయకపోవడానికి కారణమున్నది. మీటరు ఒకటే, నెలకు రీడింగు ఒకటే, నెలలు వరుసగా వస్తాయి. ‘ముందు వరుస ఏది’ అనే ప్రశ్నే పుట్టదు. పాల రిజిస్టరులో ఆ ప్రశ్న అడుగడుగునా పుడుతుంది.

పాల రిజిస్టరు వేరు

ఉదాహరణకు ఒక సభ్యుని లెక్క వేసుకుందాము. ఆయన నంబరు 47 అనుకోండి. ఒక్క గేదె పాలు పోస్తున్నాడు. అంకెలు మేము పాఠం కోసం వేసినవే గాని, ఏ సంఘానివీ కావు.

1వ తేదీ ఉదయం: 4.2 లీటర్లు, వెన్న 6.4
1వ తేదీ సాయంత్రం: 3.1 లీటర్లు, వెన్న 7.3
2వ తేదీ ఉదయం: 4.3 లీటర్లు, వెన్న 6.5
2వ తేదీ సాయంత్రం: 3.0 లీటర్లు, వెన్న 7.2
3వ తేదీ ఉదయం: పాలు పోయలేదు
3వ తేదీ సాయంత్రం: 3.1 లీటర్లు, వెన్న 7.3
4వ తేదీ ఉదయం: 4.1 లీటర్లు, వెన్న 6.4
4వ తేదీ సాయంత్రం: 2.9 లీటర్లు, వెన్న 7.2
5వ తేదీ ఉదయం: 3.6 లీటర్లు, వెన్న 6.3
5వ తేదీ సాయంత్రం: 2.5 లీటర్లు, వెన్న 7.1
6వ తేదీ ఉదయం: 3.0 లీటర్లు, వెన్న 6.2

కంప్యూటరుకు ఇంకేమీ చెప్పకుండా ‘కింది దానిలోనుంచి పైది తీసివేయి’ అంటే లీటర్ల తేడా ఇలా వస్తుంది: మైనస్ 1.1, ప్లస్ 1.2, మైనస్ 1.3, ప్లస్ 0.1, ప్లస్ 1.0, మైనస్ 1.2, ప్లస్ 0.7, మైనస్ 1.1, ప్లస్ 0.5. ఉయ్యాల ఊగినట్లు ఒకటి పైకి, ఒకటి కిందికి. చూసేవారు రెండు రోజులు చూసి మూడవ రోజు ఆ గడిని చూడడమే మానేస్తారు.

ఇప్పుడు అవే అంకెలను ఉదయానికి ఉదయం, సాయంత్రానికి సాయంత్రం పెట్టి తీసివేయండి. ఉదయం పూట తేడాలు: ప్లస్ 0.1, మైనస్ 0.2, మైనస్ 0.5, మైనస్ 0.6. సాయంత్రం పూట: మైనస్ 0.1, ప్లస్ 0.1, మైనస్ 0.2, మైనస్ 0.4. గేదె పాలు తగ్గుతున్నాయి. 4వ తేదీ ఉదయానికీ 6వ తేదీ ఉదయానికీ మధ్య ఒక లీటరు పైగా పోయింది. పొదుగు వాపు మొదలైనదా, మేత మారినదా, గేదె ఎదకు వచ్చినదా, ఇంట్లో పెరుగుకు ఎక్కువ ఉంచుకున్నారా అనేది వెళ్ళి చూసి తెలుసుకోవలసిన విషయం. అయితే వెళ్ళి చూడవలసి ఉన్నదని ఈ వరుస చెబుతున్నది. మొదటి షీటులో అదే 5వ తేదీ ఉదయానికి ప్లస్ 0.7, 6వ తేదీ ఉదయానికి ప్లస్ 0.5 అని ఉన్నది. పాలు పడిపోతున్న గేదెకు పాలు పెరిగినట్లు గుర్తు పడింది. తీసివేతలో ఒక్క తప్పూ లేదు. పక్కన పెట్టిన వరుస మాత్రం సరియైనది కాదు.

ఉదయం, సాయంత్రం ఎందుకు కలవవో పాడి రైతుకు మేము చెప్పనక్కరలేదు. అయినా వ్రాతలో ఉండడం మంచిది. సాయంత్రం పాలు పిండిన తరువాత మరునాటి ఉదయం వరకు ఎడం ఎక్కువ, ఉదయంనుంచి సాయంత్రం వరకు ఎడం తక్కువ. ఎడం ఎక్కువైన పూట పాలు ఎక్కువ, వెన్న శాతం తక్కువ. ఎడం తక్కువైన పూట పాలు తక్కువ, వెన్న ఎక్కువ.

నీళ్ళు కలిపినదన్న మాట

ఒక సంఘంలో ఒక మహిళా సభ్యురాలిపై ఇటువంటి షీటు ఆధారంగా ఫిర్యాదు వచ్చింది. ఆమె పాలలో వెన్న ప్రతి ఉదయం మైనస్ 0.8, మైనస్ 0.9 చూపుతున్నది. రాత్రి ఇంట్లో ఉంచి నీళ్ళు కలిపి తెస్తున్నదని పాలకవర్గం తీర్మానం వ్రాసి, పదిహేను రోజుల బిల్లు నిలిపింది. మేము విచారణకు వెళ్ళినాము. ఆమె మాతో అన్న మాట ఇది: ‘సారూ, బర్రె పొద్దుగాల ఎక్కువిస్తది, మాపుకు చిక్కగ ఇస్తది. గీ ముచ్చట కంప్యూటరుకు ఎవలు చెప్పాలె?’

పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది. మేము షీటు మొత్తం తెప్పించి చూసినాము. ఆమె ఒక్కతెకే కాదు, గేదె పాలు పోసే ప్రతి సభ్యునికీ ప్రతి ఉదయం వెన్నలో మైనస్ పడి ఉన్నది. అధ్యక్షులవారి నంబరుకు కూడా. ఇక రెండవ విషయం. పాలలో నీళ్ళు కలిపితే వెన్నతో పాటు ఎస్.ఎన్.ఎఫ్. కూడా పడిపోవాలి. ఆమె ఎస్.ఎన్.ఎఫ్. రెండు పూటలా ఇంచుమించు ఒకే తీరున ఉన్నది. పాలకవర్గం తీర్మానం రద్దు చేసి బిల్లు చెల్లించింది. ఊళ్ళో మాట పడినది ఏ తీర్మానంతో రద్దవుతుందో మాకు తెలియదు.

కంప్యూటరుకు వరుస తెలియదు

చేతి రిజిస్టరులో వ్రాసిన క్రమమే క్రమం. పై వరుస పైననే ఉంటుంది. కంప్యూటరు పట్టిక అటువంటిది కాదు. ఈ పట్టికల పద్ధతికి మూలమైన వ్యాసాన్ని 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న కాడ్ అనే ఆయన ప్రచురించాడు. ఆ పద్ధతిలో పట్టికలోని వరుసలకు తమంతట తాముగా ముందు, వెనుక అనేవి లేవు. సంచిలో వేసిన చీటీల వంటివి అవి. ఏ చీటీ తరువాత ఏ చీటీ అనేది అడిగేవారే చెప్పాలి. చెప్పకపోతే యంత్రం తనకు చేతికందిన క్రమంలో ఇస్తుంది. ఈ రోజు తేదీల క్రమంలో వచ్చిందని రేపు కూడా అలాగే వస్తుందని నమ్మడానికి లేదు.

క్రమం చెప్పినా సరియైన క్రమం చెప్పాలి. లక్డీకాపూల్ మీదుగా వెళ్ళే మెట్రో రైలు చూడండి. అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్ వరకు ఆ దారి 2018 సెప్టెంబరు 24న మొదలైంది. దారిలో స్టేషన్లు ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి అనే క్రమంలో వస్తాయి. ఈ నాలుగింటిని అక్షరక్రమంలో పేర్చమంటే అసెంబ్లీ, ఖైరతాబాద్, నాంపల్లి, లక్డీకాపూల్ అవుతాయి. అప్పుడు లక్డీకాపూల్‌కు ముందు స్టేషను నాంపల్లి అని కాగితం చెబుతుంది. ఆ కాగితం పట్టుకొని ఒక స్టేషనునుంచి తరువాతి దానికి దూరం లెక్క కడితే వచ్చే అంకెతో ఏ రైలూ నడవదు. పట్టాలు వేసిన క్రమం వేరు, పేర్లు వ్రాసిన క్రమం వేరు.

పాల లెక్కలో పట్టాలు తేదీలు. ఇక్కడ ఒక చిక్కు మేము పలుచోట్ల చూసినాము. తేదీని తేదీగా కాక అక్షరాలుగా ఎక్కించిన సంఘాలలో 1 తరువాత 10, 11, 12 అలా 19 వరకు వచ్చి, ఆ తరువాత 2 వస్తుంది. యంత్రం అక్షరం చూసి పేరుస్తున్నది గాని అంకె చూసి కాదు. అటువంటిచోట 2వ తేదీ పాలలోనుంచి 19వ తేదీ పాలు తీసివేయబడుతున్నాయి.

అడగవలసిన తీరు

ఎస్.క్యు.ఎల్. అనే ప్రశ్నల భాషలో ఈ పనికి ‘ల్యాగ్’ అనే మాట ఉన్నది. ల్యాగ్ అంటే వెనుకబడి ఉండడం. ‘ల్యాగ్, లీటర్లు’ అంటే ముందు వరుసలోని లీటర్ల అంకెను తెచ్చి ఈ వరుస పక్కన పెట్టమని అర్థం. తరువాత ‘ఓవర్’ అని బ్రాకెట్టు తెరచి రెండు విషయాలు చెప్పాలి. మొదటిది ‘పార్టిషన్ బై’, రెండవది ‘ఆర్డర్ బై’.

పార్టిషన్ అనగానే మన సభ్యులకు అన్నదమ్ముల భూమి పంపకం గుర్తుకు వస్తుంది. ఇక్కడా అదే. గట్టు వేయడం. ఒకరి వరుసలు ఇంకొకరి వరుసలలోకి పోకుండా గట్టు. ‘పార్టిషన్ బై సభ్యుని నంబరు, పూట, పాల రకం’ అని వ్రాయాలి. సభ్యుని నంబరు మరచితే 47వ నంబరు పాలలోనుంచి 46వ నంబరు పాలు తీసివేయబడతాయి. పూట మరచితే ఏమవుతుందో పైన చూసినాము. పాల రకం చాలామంది మరచిపోతారు. ఆవు పాలు, గేదె పాలు రెండూ పోసే సభ్యునికి ఒకే పూట రెండు వరుసలుంటాయి. గట్టు లేకపోతే ఆవు పాల వెన్నలోనుంచి గేదె పాల వెన్న తీసివేసి, పెద్ద మైనస్ వేసి, ఆ సభ్యుని దొంగను చేస్తుంది.

గట్లు వేసిన తరువాత ‘ఆర్డర్ బై తేదీ’. అంతే. ఈ రోజు లీటర్లు, మైనస్, ల్యాగ్ తెచ్చిన లీటర్లు. వచ్చినదే తేడా గడి.

ల్యాగ్ అనే మాట అన్ని కంప్యూటర్లలోనూ మొదటినుంచీ లేదు. పోస్ట్‌గ్రెస్‌లో 2009లో 8.4 రకంతో వచ్చింది. మైక్రోసాఫ్ట్ వారి సర్వరులో 2012 రకంలో వచ్చింది. చిన్న సంస్థలు ఎక్కువగా వాడే మై ఎస్.క్యు.ఎల్.లో 8.0 రకంతోనూ, ఎస్.క్యు.లైట్‌లో 3.25 రకంతోనూ 2018లో మాత్రమే వచ్చింది. అంతకు ముందు వ్రాసిన ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నచోట వేరొక ఉపాయం ఉంటుంది. పట్టికను దానితోనే జతచేసి, ‘ఈ రోజు తేదీలో ఒకటి తగ్గించగా వచ్చే తేదీ ఎక్కడున్నదో వెతుకు’ అని అడగడం. ప్రతి రోజూ పాలు పోసే సభ్యునికి ఇది సరిపోతుంది. మన 47వ నంబరు 3వ తేదీ ఉదయం పోయలేదు. 4వ తేదీ వరుసకు జత దొరకదు. జత తప్పనిసరి అని వ్రాసిన ప్రోగ్రాములో 4వ తేదీ వరుస షీటులోనుంచే మాయమవుతుంది. సభ్యుడు పాలు పోసినాడు, రసీదు ఉన్నది, షీటులో లేదు. ఇటువంటి తగవు వచ్చినప్పుడు ముందు రోజు నాగా ఉన్నదేమో చూడమని కార్యదర్శులకు మా సూచన.

నాగా, ఖాళీ, సున్న

ల్యాగ్ వాడినచోట నాగా ఉన్నా వరుస పోదు. 4వ తేదీ ఉదయానికి ముందు వరుసగా 2వ తేదీ ఉదయాన్ని తెస్తుంది. తేడా మైనస్ 0.2 వచ్చింది. అయితే ఇది ఒక రోజు తేడా కాదు, రెండు రోజులది. రోజుకు 0.1 మాత్రమే. సభ్యుడు తీర్థయాత్రకు వెళ్ళి ఇరవై రోజుల తరువాత వచ్చి పాలు పోస్తే తేడా పెద్దదిగా ఉంటుంది, దానితో ఎవరూ ఉలిక్కిపడవలసిన పని లేదు. కనుక లీటర్లకు ల్యాగ్ తెచ్చినట్లే తేదీకి కూడా ల్యాగ్ తెచ్చి, మధ్య ఎన్ని రోజులైనవో ఇంకొక గడిలో వేయించాలి. ఈ గడి లేని తేడా షీటును మేము సంపూర్ణమైనదిగా ఒప్పుకోము.

నాగా రోజున 0 లీటర్లని వరుస ఎక్కించే అలవాటు కొన్ని సంఘాలలో ఉన్నది. అది కూడదు. పోయలేదు వేరు, సున్న పోసినాడు వేరు. సున్న ఎక్కిస్తే 3వ తేదీకి మైనస్ 4.3, 4వ తేదీకి ప్లస్ 4.1 పడుతుంది.

మొదటి వరుస సంగతి కూడా ఇటువంటిదే. దానికి ముందు వరుస లేదు కనుక తేడా గడి ఖాళీగా ఉండాలి. ఖాళీ చూడడానికి బాగుండదని కొందరు ల్యాగ్‌కు చివర సున్న తగిలిస్తారు, ‘ముందు వరుస దొరకకపోతే సున్న అనుకో’ అని. అప్పుడు కొత్తగా చేరిన ప్రతి సభ్యునికీ మొదటి రోజే ప్లస్ 4.2 పెరుగుదల చూపుతుంది. సంవత్సరాంతంలో ఆ ప్లస్సులన్నీ కూడి ‘పాల దిగుబడి పెంపు’ అని సర్వసభ్య సమావేశంలో చదివితే వినడానికి మాత్రం బాగుంటుంది.

పదిహేను రోజుల బిల్లు అంచున ఇంకొక మెలిక ఉన్నది. 16వ తేదీనుంచి మాత్రమే చూపమని ముందుగా షరతు పెడితే, యంత్రం మొదట 15 వరకు ఉన్న వరుసలను పక్కకు నెట్టి, మిగిలిన వాటికే తేడా కడుతుంది. 16వ తేదీకి ముందు వరుస లేకుండా పోతుంది. ప్రతి పక్షంలో మొదటి రోజు అందరికీ ఖాళీయే. రిజిస్టరులో పాత పేజీ చించివేసి కొత్త పేజీ మీద తేడా కట్టడం వంటిది ఇది. ముందు అన్ని వరుసల మీద తేడా కట్టించి, ఆ కట్టిన పట్టికలోనుంచి 16 తరువాతివి తీసుకొమ్మని అడగాలి. ప్రశ్న లోపల ప్రశ్న వ్రాయడమని కంప్యూటరు వారికి చెబితే అర్థమవుతుంది.

మీటరు మారినప్పుడు

చివరిగా కూలరు మీటరు దగ్గరకు మళ్ళీ రావలసి ఉన్నది. అక్కడ చిక్కు లేదన్నాము గాని ఒకటున్నది. మీటరు కాలిపోయి కొత్తది పెట్టినారు. పోయిన నెల 49,030 ఉన్నది, ఈ నెల 35 ఉన్నది. తేడా మైనస్ 48,995. ఇది చూసి నవ్వుకుంటారు గనుక దిద్దుతారు. పాత మీటరు తీసే నాటి రీడింగు 49,410 అని కాగితం ఉంటే పాతదానిపై 380, కొత్తదానిపై 35, మొత్తం 415 యూనిట్లు. మీటరు నంబరుతో కూడా గట్టు వేసి, పాత మీటరు ఆఖరు రీడింగును, కొత్త మీటరు మొదటి రీడింగును రెండు వరుసలుగా ఎక్కిస్తే యంత్రమే ఈ లెక్క వేస్తుంది.

పాల లెక్కలో ఇదే తప్పు నవ్వు రాకుండా జరుగుతుంది. సంఘం వదలిపోయిన సభ్యుని నంబరు కొత్త సభ్యునికి ఇస్తారు. అంకెలు రెండూ నాలుగు లీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. వెళ్ళిపోయినవాని ఆఖరు రోజు పాలలోనుంచి కొత్తవాని మొదటి రోజు తేడా పుడుతుంది, ఎవరికీ తెలియదు. పాత నంబరును మళ్ళీ ఇవ్వకపోవడమే మేలు. ఇచ్చి ఉంటే చేరిన తేదీని కూడా గట్టులో చేర్చాలి.

కంప్యూటరు వద్దకు పోకుండానే షీటును పరీక్షించే దారి సభ్యులకు ఒకటున్నది. ఒక సభ్యుని ఒక పూట తేడాలన్నీ కూడితే, ఆఖరు అంకెలోనుంచి మొదటి అంకె తీసివేసినంత రావాలి. 47వ నంబరు ఉదయం పూట తేడాలు కూడితే మైనస్ 1.2. ఆఖరు 3.0లోనుంచి మొదటి 4.2 తీసివేసినా మైనస్ 1.2. కుదిరింది. అయితే పైన ఉయ్యాల ఊగిన తొమ్మిది అంకెలను కూడి చూడండి, అవి కూడా మైనస్ 1.2 అవుతాయి. మొదటి వరుస, ఆఖరు వరుస రెండింటిలోనూ అవే గనుక. ఈ పరీక్ష తీసివేతలు సరిగా జరిగినవని చెబుతుంది గాని, పూటలు కలిసిపోలేదని చెప్పదు. దానికి షీటులో ఒక పూట గడులను మాత్రం పెన్సిలుతో గుర్తు పెట్టుకొని, వరుసగా రెండు గుర్తుల మధ్య తేడా చేత్తో కట్టి, అచ్చులో ఉన్న అంకెతో సరిచూడాలి. ఐదారు వరుసలు చూస్తే చాలును. కలవకపోతే ఆ షీటును, రిజిస్టరును కలిపి కార్యదర్శి ముందు పెట్టండి. తేడా గడి మీద ఆధారపడి ఎవరి బిల్లయినా నిలిపి ఉంటే, ఆ పరీక్ష ముగిసేవరకు తీర్మానాన్ని అమలు చేయవద్దని పాలకవర్గాన్ని వ్రాతమూలకంగా కోరండి.